కెచప్ సీసా ఎవరిది? కెనడాలో అమెరికా సరుకు మానేసిన కథ

[తెర మీద: సూపర్‌మార్కెట్ అర. వరుసలో కొన్ని సీసాలు తలకిందులుగా ఉన్నాయి]

నమస్కారమండీ. 2025లో కెనడా సూపర్‌మార్కెట్లలో ఒక వింత కనిపించింది. అరల్లో కొన్ని డబ్బాలు, సీసాలు తలకిందులుగా ఉండేవి. దుకాణం వాళ్లు అలా పెట్టలేదు. కొనడానికి వచ్చినవాళ్లే తిప్పేసి పోయేవారు. "ఇది అమెరికా సరుకు. లేబుల్ నేను చదివేశాను, మీరు మళ్లీ చదవక్కర్లేదు" అని వెనక వచ్చేవాళ్లకు చెప్పడం అన్నమాట. ధర్నా లేదు, నినాదం లేదు. అరలో ఓ చెయ్యి పెట్టి పోవడమే.

ఎందుకింత కోపం? 2025 ఫిబ్రవరి 1న ట్రంప్ కెనడా సరుకుల మీద 25 శాతం సుంకం వేస్తూ సంతకం పెట్టాడు. అంతకుముందు నుంచే కెనడాను అమెరికాకు 51వ రాష్ట్రం చేస్తానని మాట్లాడుతున్నాడు. సుంకం కన్నా ఆ మాటే జనానికి ఎక్కువ గుచ్చుకుందని నా లెక్క. ఆ రాత్రే అప్పటి ప్రధాని ట్రూడో టీవీలో మాట్లాడుతూ, దుకాణంలో లేబుళ్లు చూసి కొనండి, కెంటకీ బర్బన్ అనే అమెరికా విస్కీ బదులు మన కెనడా విస్కీ తాగండి, ఫ్లోరిడా ఆరెంజ్ జ్యూస్ మానేయండి అన్నారు. చర్చలతో ఓ నెల వాయిదా పడి, మార్చి 4న సుంకాలు అమల్లోకి వచ్చాయి.

అదే రోజు ఆంటారియో రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ మద్యం టోకు వ్యాపారమంతా ఎల్‌సీబీఓ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటుంది. మన బెవరేజెస్ కార్పొరేషన్ లాంటిదే, పైగా సొంత షాపులు కూడా ఉన్నాయి. అప్పటిదాకా ఏటా 96.5 కోట్ల కెనడా డాలర్ల వరకూ అమెరికా మద్యం అమ్ముతూ వచ్చిన సంస్థ అది. ఒక్క ఉత్తర్వుతో దాదాపు 3,600 రకాల సీసాలు అరల మీంచి దిగిపోయాయి. మిగతా రాష్ట్రాలు చాలావరకూ అదే బాట పట్టాయి. జాక్ డేనియల్స్ తయారుచేసే కంపెనీ అధిపతి అయితే, ఇది సుంకం కన్నా ఘోరం అన్నాడు. నిజమే మరి. సుంకం వేస్తే రేటు పెరుగుతుంది, కొనేవాడు కొంటాడు. అరలోనే లేకపోతే ఎవడు కొంటాడు? 2025 రెండో త్రైమాసికంలో అమెరికా నుంచి కెనడాకు విస్కీ లాంటి మద్యం ఎగుమతులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 85 శాతం పడిపోయాయని ఆ పరిశ్రమ సంఘమే లెక్క చెప్పింది.

కాబట్టి బాయ్‌కాట్‌లు పనిచేయవు అనేవాళ్ల మాట పూర్తిగా నమ్మకండి. కాకపోతే ఇక్కడ పని సులువైంది. టోకుగా కొనేవాడు ఒక్కడే, సీసా మీద ఊరి పేరుతో సహా ఉంటుంది, పక్కనే కెనడా విస్కీ రెడీగా ఉంది. వంట సరుకుల దగ్గరికి వచ్చేసరికి తల తిరుగుతుంది. దానికి కెచప్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

[తెర మీద: కెనడా పటం. దక్షిణ కొసన లీమింగ్టన్ ఊరు]

ఆంటారియో దక్షిణ భాగంలో, అమెరికాలోని డెట్రాయిట్‌కు దగ్గర్లో లీమింగ్టన్ అనే ఊరుంది. మనకు మదనపల్లె ఎలాగో కెనడా వాళ్లకు టమాటా అంటే అది. 1909 నుంచి అక్కడ హైంజ్ అనే అమెరికా కెచప్ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. తాతలు, తండ్రులు, మనవళ్లు వరసగా పనిచేసిన ఫ్యాక్టరీ. 2013లో హైంజ్‌ను వారెన్ బఫెట్ కంపెనీ, 3జీ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ కలిసి కొన్నాయి. అదే ఏడాది నవంబర్‌లో లీమింగ్టన్ ప్లాంట్ మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 2014లో మూతపడింది. దాదాపు 740 మంది ఉద్యోగాలు పోయాయి. టమాటా రైతులకు కొనేవాడు లేకుండా పోయాడు.

అదృష్టం కొద్దీ స్థానికంగా హైబరీ కాన్‌కో అనే కంపెనీ పుట్టి, అదే ప్లాంట్‌ను తక్కువ మందితో మళ్లీ నడిపింది. అక్కడి టమాటా పేస్ట్ కొంటామని ఫ్రెంచెస్ ముందుకొచ్చింది. హాట్‌డాగ్ మీద వేసే పసుపుపచ్చ ఆవపిండి సాస్ కంపెనీ అది. 2016లో ఓ కెనడా పౌరుడు ఫేస్‌బుక్‌లో రాశాడు: మా ఇంట్లో ఇక హైంజ్ ఉండదు, లీమింగ్టన్ టమాటాతో చేసిన ఫ్రెంచెస్సే కొంటాం అని. దానికి లక్షకు పైగా షేర్లు. సీసాలు ఖాళీ అయిపోయాయి. ఆ మార్చిలో లాబ్లా అనే పెద్ద సూపర్‌మార్కెట్ గొలుసు ఫ్రెంచెస్ కెచప్‌ను తన అరల నుంచి తీసేయబోతే జనం ఎంత గోల చేశారంటే, ఒక్క రోజులో నిర్ణయం వెనక్కి తీసుకుంది.

ఇంతవరకూ వింటే దేశభక్తి కథ. ఇప్పుడు సీసా తిప్పి చూద్దాం.

ఆ రోజుల్లో ఫ్రెంచెస్ టమాటా లీమింగ్టన్‌దే, కానీ దాన్ని కెచప్ చేసి సీసాలో నింపింది అమెరికాలోని ఒహాయోలో. కంపెనీ యజమాని బ్రిటన్‌కు చెందిన రెకిట్ బెంకీజర్. అంటే కెనడా వాళ్లు ఎగబడి కొన్న "మన కెచప్"లో కెనడాది టమాటా ఒక్కటే. జనం గోల విన్నాక కంపెనీ సీసా నింపే పనిని కూడా టొరంటోకు మార్చింది. తీరా 2017లో రెకిట్ ఆ బ్రాండ్‌ను 420 కోట్ల అమెరికా డాలర్ల ఒప్పందంలో అమ్మేసింది. కొన్నది మెకార్మిక్, అమెరికా కంపెనీ.

ఇంకా అయిపోలేదు. 2018లో ట్రంప్ మొదటి దఫాలో కెనడా స్టీలు మీద సుంకం వేస్తే, బదులుగా కెనడా అమెరికా కెచప్ మీద 10 శాతం వేసింది. స్టీలుకు కెచప్‌తో జవాబు! నవ్వొచ్చినా, రాజకీయంగా ఎక్కడ తగలాలో చూసి వేసిన లెక్క అది. ఆ సుంకం మరుసటి ఏడు ఎత్తేశారు. 2020 నవంబర్‌లో హైంజ్ ప్రకటించింది: మాంట్రియల్ పక్కన మాంట్ రాయల్‌లో ఉన్న తమ ఫ్యాక్టరీలో మళ్లీ కెనడా కోసం కెచప్ చేస్తామని. 2025 బాయ్‌కాట్ వచ్చేసరికి మా కెచప్ ఇక్కడే తయారవుతోంది బాబూ అని గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

[తెర మీద: పక్కపక్కనే రెండు కెచప్ సీసాలు]

ఇప్పుడు ఈ రెండింట్లో ఏది తలకిందులు పెట్టాలి? రెండింటి యజమానులూ అమెరికా వాళ్లే. రెండూ కెనడాలోనే తయారవుతున్నాయి. నన్నడిగితే పంట ఎక్కడిది, పనివాళ్లు ఎక్కడివాళ్లు అన్నదే ముందు చూస్తాను. యజమాని ఓ సంతకంతో మారిపోతాడు, జనానికి తెలియను కూడా తెలియదు. ఫ్యాక్టరీ మూతపడితే ఊరంతటికీ తెలుస్తుంది. పైగా ఈ పదేళ్ల గొడవలో ఫ్రెంచెస్ టొరంటోకు వచ్చింది, హైంజ్ మాంట్రియల్‌కు వచ్చింది. హైంజ్ తిరిగి రావడానికి బాయ్‌కాట్ ఒక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు గానీ, ఫ్రెంచెస్‌ను కదిలించింది మాత్రం కొనేవాళ్లే.

లేబుల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది అక్కడే. కెనడా ఆహార నియమాల ప్రకారం "ప్రొడక్ట్ ఆఫ్ కెనడా" అని రాయాలంటే ముడిసరుకు, తయారీ, శ్రమ దాదాపు అన్నీ అక్కడివే కావాలి. బయటి సరుకు 2 శాతం లోపే ఉండాలి. "మేడ్ ఇన్ కెనడా" అంటే చివరి ముఖ్యమైన తయారీ కెనడాలో జరిగిందని మాత్రమే. ముడిసరుకు దిగుమతిది అయితే ఆ ముక్క కూడా పక్కన రాయాలి. ఇక ఎర్ర మేపుల్ ఆకు బొమ్మ ఒక్కటే చూసి బుట్టలో వేసుకుంటే మాత్రం మీ అదృష్టం. 2025 మొదట్లోనే లేబుళ్లు స్కాన్ చేసి చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి.

కెనడాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. మీ వంటింట్లో సగం బాయ్‌కాట్ ఎప్పుడో అయిపోయింది. పాల దిగుమతి మీద అక్కడ గట్టి కట్టడి ఉంది కాబట్టి మీరు తోడుపెట్టే పాలు దాదాపుగా అక్కడి రైతువే. నీలం ఆవు గుర్తు చూసుకుంటే చాలు. మసూర్ పప్పు అయితే ప్రపంచానికే ఎక్కువగా ఎగుమతి చేసేది కెనడా. సస్కాచెవాన్ పొలాల్లో పండి మన దేశానికీ వస్తుంది. ఇండియన్ స్టోర్‌లో ఇండియా సరుకనుకుని కొనే ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, సస్కాచెవాన్ రైతుదే కావచ్చు. కష్టమల్లా చలికాలం ఆకుకూరలతోనే. జనవరిలో కాలిఫోర్నియా పాలకూర వద్దంటే మెక్సికో వైపు చూడాలి, లేదా గ్రీన్‌హౌస్‌ది ఎక్కువ రేటుకు కొనాలి.

ఇక్కడ మన దగ్గరా 2025 ఆగస్టులో ఇదే మాట వినిపించింది. అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే మెక్‌డొనాల్డ్స్, కోకా కోలా మానేద్దాం అని వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు మొదలయ్యాయి. కోలా బదులు సోడా తాగడం సులువు. రామచంద్రపురం ఆర్టోస్ 1919 నుంచీ ఉంది. థమ్స్ అప్ మనదే కదా అంటారు కొందరు. అది 1993 నుంచి కోకా కోలాదే. మెక్‌డొనాల్డ్స్ దగ్గరే లెక్క తేలదు. హైదరాబాద్, విజయవాడల్లో ఆ రెస్టారెంట్లు నడిపేది వెస్ట్‌లైఫ్ అనే ముంబై కంపెనీ. అమెరికాకు చేరేది రాయల్టీ, అంటే అమ్మకాల్లో కొద్ది శాతం. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు ఆలుగడ్డలు గుజరాత్ రైతులు పండిస్తారు. వాటిని కోసి, వేయించి, గడ్డకట్టించి ఇచ్చే మెహసానా ఫ్యాక్టరీ మెకెయిన్‌ది. అది కెనడా కంపెనీ.