కెమెరా బ్యాగులో ఉండాల్సిన కాగితాలు
(ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవ సభలో ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం. శ్రావణమాసం ముహూర్తాలు నడుస్తుండగా స్టూడియోలు మూసి ఇంతమంది రావడం మామూలు విషయం కాదు. ఏటా ఈ రోజు, ఫోటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటి కనిపెట్టిన ఫ్రాన్స్ దేశస్థుడు డాగురే పటానికి దండ వేసి, ర్యాలీ తీసి ఇళ్లకెళ్తాం. 1839లో ఇదే రోజున ఆయన పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం దాచుకోకుండా అందరి ముందు బయటపెట్టింది. మనం కూడా ఈ పూట ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుందాం.

మన జిల్లాలో మంచి ఫోటోలు తీసేవాళ్లకి కొదవలేదు. మనవాళ్లు దెబ్బతినేది ఫోటో దగ్గర కాదు, ఫోటో చుట్టూ ఉన్న పనుల దగ్గర. ఒక ప్రమాదం, ఒక బాకీ, ఒక దొంగతనం, అంతే, పదేళ్ల కష్టం పోతుంది. అందుకే కొత్త లెన్స్ కంటే ముందు చూసుకోవాల్సిన వాటి గురించే మాట్లాడతాను.

మనలో ఎవరికైనా ఏదైనా జరిగితే వాట్సాప్ గ్రూపులో ఫోన్‌పే నంబర్ పెడతాం, ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. ఆ మనసు గొప్పది. కానీ అర్ధరాత్రి ముహూర్తం పెళ్లి షూట్ చేసి, అప్పగింతలు అయ్యేదాకా ఉండి, నిద్ర ఆపుకుంటూ బండి మీద ఊరికి తిరిగొచ్చే పని మనది, అలాంటి మనిషి కుటుంబం చందాల మీదే ఆధారపడాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి, 18 నుంచి 70 ఏళ్ల వరకూ ఉండొచ్చు. జీవన్ జ్యోతి బీమాకి 436 రూపాయలు, 50 ఏళ్లలోపు చేరాలి, సహజ మరణమైనా 2 లక్షలే. రెండూ మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకులోనే దొరుకుతాయి. మే నెలాఖరులో ఖాతాలోంచి కట్ అవుతాయి, అప్పుడు ఖాతా ఖాళీగా ఉంటే పాలసీ ఆగిపోతుంది, చూసుకోండి. ముఖ్యంగా, బీమా ఉందని ఇంట్లో చెప్పండి. ఇంట్లోవాళ్లకి తెలియని పాలసీ డబ్బు ఎవరు అడుగుతారు?

ఇక ఒప్పందం సంగతి. ఒక బొటిక్ ఆవిడ డబ్బులిచ్చి చీరల ఫోటోలు తీయించుకున్నారనుకోండి. ఆ ఫోటోల కాపీరైట్ ఎవరిది? తీసినవాడిదే అని మనలో చాలామంది ధీమా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి, డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. పెళ్లి ఫోటోలకీ ఇదే వర్తిస్తుంది. అంటే పెళ్లికూతురి ఫోటో మీ ఇన్‌స్టాలో పెట్టుకోవాలన్నా ముందే రాయించుకోవడం మంచిది. అది మర్యాద కూడా, ఆ అమ్మాయికి ఇష్టం ఉందో లేదో మనం అడగాలి కదా. కాగితం పెద్దదేమీ అక్కర్లేదు, తెలుగులో ఒక పేజీ చాలు: అడ్వాన్స్ ఎంత, బ్యాలెన్స్ ఎప్పుడు, ఎన్ని ఫోటోలు ఎడిట్ చేసిస్తాం, ఆల్బమ్ ఎన్నాళ్లకి, తేదీ మారితే ఏం చేయాలి, ఫోటోలు ఎవరు ఎక్కడ వాడుకోవచ్చు. చుట్టాల పెళ్లి అయినా రాయండి, చుట్టాల దగ్గరే ఎక్కువ మొహమాటపడి నష్టపోతున్నాం.

ఈవెంట్ కంపెనీలు, స్కూళ్లు, హాస్పిటళ్లు నెలల తరబడి బిల్లు ఆపితే మనకి తెలిసిన దారి ఫోన్ చేస్తూ ఉండటం ఒక్కటే. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ప్రభుత్వం పైసా తీసుకోదు (వేలు అడిగే ఏజెంట్లని నమ్మకండి). 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల చొప్పున వడ్డీ కట్టాలి, ఇవ్వకపోతే ఇలాంటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పని చేసే నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలి, చేతిలో వర్క్ ఆర్డరో, కనీసం ఒప్పుకున్న మెసేజో, బిల్లో ఉండాలి. తర్వాత పరిగెత్తితే లాభం లేదు.

కెమెరాలకి ఆల్ రిస్క్ పాలసీలు, అంటే దొంగతనం, ప్రమాదం లాంటి నష్టాలకి బీమా, ఉన్నాయి. బిల్లు, సీరియల్ నంబర్ లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది, కాబట్టి నాలుగు వేలు తగ్గుతుందని బిల్లు లేకుండా కొనకండి. ఆగి ఉన్న కారులోంచి పోతే ఇస్తారో లేదో షరతుల్లో చదివి సంతకం పెట్టండి. డ్రోన్ వాళ్లకి ఒక్క మాట: 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బులకి షూట్ చేస్తే 2021 రూల్స్ ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి.

నేర్చుకునే కుర్రాళ్లకి కూడా చెప్పాలి. యూట్యూబ్ లైటింగ్ నేర్పుతుంది, మీ ఫోటోలో ఏం లోపించిందో చెప్పదు. దానికి ఎదురుగా కూర్చుని చూసే మనిషి కావాలి. హైదరాబాద్‌లో 2015 నుంచి ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతోంది, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనలు పెడతారు, మీరు తీసిన వాటిలో ఎంచిన ఫోటోలు (పోర్ట్‌ఫోలియో) చూసి సలహా చెప్పే సెషన్లు కూడా ఉంటాయి. పెళ్లిళ్లు తీసేవాళ్లకి అక్కడేం పని అనుకోకండి. తలంబ్రాల వేళ పెళ్లికొడుకు తల్లి మొహం పట్టుకున్నవాడికి ఏ గ్యాలరీలోనైనా చోటుంటుంది. పిల్లలు ఇదే చదువుతామంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉంది, పంపండి.

చివరగా, సంఘం పెద్దలకి నా విన్నపం. సభ్యత్వం డబ్బుల్లో కొంత పక్కన పెట్టి ఏడాదికి ఒకసారి ఒక లాయరుని, ఒక ఆడిటర్‌ని పిలిపించండి. కెమెరా పాడైనవాళ్లకి సీజన్‌లో రెండు రోజులు అప్పుగా ఇవ్వడానికి సంఘం పేరు మీద ఒక స్పేర్ కెమెరా బాడీ ఉంచండి. కమిటీలో ఆడవాళ్లకి చోటివ్వండి, రాత్రి షూట్ల తర్వాత వాళ్లు ఇంటికి ఎలా చేరుతున్నారో మనలో ఎవరూ ఇంతవరకూ అడగలేదు. ఒప్పందం నమూనా కాపీలు, రెండు బీమాల ఫారాలు ఆ టేబుల్ మీద పెట్టాం. బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే నింపండి, రాయడం ఇబ్బందైతే నేను పక్కనే కూర్చుంటాను.