పీహెచ్‌డీ మొదటి ఏడాది: కాగితం ముందు, పిపెట్ తర్వాత (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. బయోమెడికల్ పరిశోధనలో పీహెచ్‌డీ చేరినవాళ్లు మొదటి ఏడాదిలో ఏమేం పూర్తి చేయాలి అనేది ఈ రోజు ఫోన్-ఇన్. చాలా ఏళ్లుగా బయోకెమిస్ట్రీ చెబుతూ, ఎంతోమందికి గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ గారు మనతో ఉన్నారు. నమస్కారం మేడం.

ప్రొఫెసర్: నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను, గంటసేపూ ఇదే చెబుతాను కూడా. కాగితం ముందు, పిపెట్ తర్వాత. అంటే అనుమతులు, రాతపని ముందు; ద్రవాలు కొలిచి తీసే పిపెట్ పట్టుకుని ల్యాబ్ పని తర్వాత. సరే, ఫోన్లు తీసుకోండి.

యాంకర్: మొదటి కాలర్ వరంగల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: మేడం, చేరి రెండు నెలలైంది. కోర్సువర్క్ ఉందంటున్నారు. ఎమ్మెస్సీలో చదివిందే మళ్లీ చదవాలా? మా గైడేమో పొద్దున్నుంచీ ల్యాబ్‌లోనే ఉండమంటారు.

ప్రొఫెసర్: చదవాలమ్మా, తప్పదు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్లు. అందులో రీసెర్చ్ మెథడాలజీ ఉండాలి, రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే 2 క్రెడిట్ల కోర్సూ ఉండాలి. ఆ రెండోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కోర్సువర్క్‌లో 55 శాతం రాకపోతే ముందుకు వెళ్లనివ్వరు, థీసిస్ పెట్టనివ్వరు. మన యూనివర్సిటీల్లో ప్రీ పీహెచ్‌డీ పరీక్ష అంటారు చూడు, అదే ఇది.

కాలర్: మరి మా గైడ్...

ప్రొఫెసర్: టైమ్‌టేబుల్ ప్రింట్ తీసి ఆయన బల్ల మీద పెట్టు. సెమిస్టర్‌కోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు కూర్చునేది నువ్వు. అక్కడ పక్కనుండేది ఆయనే. నువ్వు ఫెయిలైతే ఆయనకూ మాట వస్తుంది. ఆయనకు తెలియక కాదు, ల్యాబ్‌లో మనుషులు చాలక.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత... కర్నూలు నుంచి. హలో?

కాలర్: హలో మేడం, పేరు చెప్పొద్దనుకుంటున్నానండి. నేను డయాబెటిస్ మీద చేస్తున్నాను మేడం. అంటే ముందు క్యాన్సర్ అనుకున్నాం, తర్వాత సీట్ల సర్దుబాటులో గైడ్ మారారు. అంతకుముందు రెండేళ్లు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పానండి, అక్కడ జీతం సరిగా ఇవ్వక...

ప్రొఫెసర్: నాన్నా, ప్రశ్న చెప్పు.

కాలర్: అదే మేడం. పక్కనే ఒక ఆసుపత్రి ల్యాబ్ ఉంది. వాళ్లు టెస్టులు అయ్యాక మిగిలిన రక్తం పారేస్తారు కదా, అది తెచ్చుకుని పని మొదలుపెట్టేశాను. మనుషుల శాంపిళ్లతో పరిశోధనకు ఎథిక్స్ కమిటీ ఇచ్చే అప్రూవల్ తర్వాత తీసుకుందాంలే అన్నారు. నలభై శాంపిళ్లు అయ్యాయి. ఇప్పుడు కమిటీకి పెడితే పాత తేదీతో ఇస్తారా?

ప్రొఫెసర్: ఇవ్వరు.

కాలర్: ఎలాగూ పారేసే రక్తమే కదా మేడం.

ప్రొఫెసర్: పారేసేదైనా మనిషిదే. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో మిగిలిపోయిన శాంపిళ్ల సంగతి ఉంది. ఎవరిదో తెలియకుండా చేసిన శాంపిల్ అయితే రోగి సమ్మతి తీసుకోనక్కర్లేదని మినహాయింపు ఇవ్వొచ్చు. కానీ ఆ మినహాయింపు ఇవ్వాల్సింది ఎథిక్స్ కమిటీ. నువ్వు కాదు, మీ గైడ్ కాదు, ఆ ల్యాబ్ టెక్నీషియన్ అసలే కాదు. ఇంతకీ ట్యూబుల మీద ఏం రాసుంది?

కాలర్: ఊదారంగు మూత ట్యూబులండి, రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసినవి. లేబుల్ మీద పేరు, వయసు, ఓపీ నంబరు...

ప్రొఫెసర్: అయ్యో. పేరుతో సహా మీ ఫ్రీజర్‌లో ఉన్నాయా?

కాలర్: మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో, అట్టపెట్టెలో పెట్టానండి. పెట్టె మీద కూడా రాశాను.

ప్రొఫెసర్: తలుపు తీసిన ప్రతివాడికీ ఎవరికి షుగర్ ఉందో తెలిసిపోతుందన్నమాట. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా?

కాలర్: లేదండి. గ్లవ్స్ వేసుకుంటున్నాను.

ప్రొఫెసర్: గ్లవ్స్‌కి సూది దిగదా? ఈ వారంలోనే మొదటి డోసు వేయించుకో. నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చేరగానే ఎవరూ చెప్పరు ఇది. అందరూ డీఎన్ఏ పనికి వాడే ప్రైమర్లకు ఆర్డర్లు పెట్టుకునే హడావుడిలో ఉంటారు.

కాలర్: అయితే మేడం, కమిటీలో మాకు తెలిసిన ఆయన ఉన్నారు. పాత తేదీతో కాకపోయినా, అప్రూవల్ వచ్చాక ఈ నలభైని కలుపుకోవచ్చా?

ప్రొఫెసర్: ఇందాక అడిగిందే మళ్లీ అడుగుతున్నావు నాన్నా, మాటలు మార్చి. విను. ఇవాళ పని ఆపెయ్. జరిగింది జరిగినట్టు గైడ్‌కి మెయిల్ రాయి. నోటిమాటగా కాదు, మెయిల్. కమిటీకి పెట్టే అప్లికేషన్‌లో కూడా ఈ నలభై సంగతి దాచకు. వాటిని ఏం చేయాలో వాళ్లు చెబుతారు. అంతవరకూ ఆ రీడింగులు గ్రాఫ్‌లోకి ఎక్కకూడదు. ఆ కమిటీకి డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకో, 2019 నిబంధనల నుంచి అది తప్పనిసరి. కొత్త శాంపిళ్లకు సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఓపీలో కూర్చున్న పెద్దావిడ ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేస్తే అది సమ్మతి కాదు.

కాలర్: మరి ఆరు నెలలు పోయినట్టేనా మేడం?

ప్రొఫెసర్: పోవు. కమిటీ రోజూ కూర్చోదు, ఆలోగా కోర్సువర్క్ చదువు, పని ఎలా చేస్తావో చెప్పే ప్రొటోకాల్ రాయి. నలభై శాంపిళ్లు పోతే పోయాయి. నాలుగో ఏడాది పేపర్ పంపాక జర్నల్ వాళ్లు అప్రూవల్ నంబరు, తేదీ అడుగుతారు. అప్పుడు దొరికిపోతే ఏం చేస్తావు? కాగితం ముందు, పిపెట్ తర్వాత.

యాంకర్: లైన్లు చాలా ఉన్నాయి మేడం. విజయవాడ నుంచి. నమస్కారమండీ.

కాలర్: నమస్తే అమ్మా. మా అబ్బాయి అమెరికాలో పీహెచ్‌డీకి వెళ్లాడు. ఆగస్టులో ఒక ల్యాబ్ అన్నాడు, ఇప్పుడు ఇంకోటి అంటున్నాడు, జనవరిలో మళ్లీ మారతాడట. వీణ్ని ఎవరూ ఉంచుకోవట్లేదేమో, మాకు చెప్పట్లేదేమోనని నిద్ర పట్టట్లేదు.

ప్రొఫెసర్: లేదమ్మా, హాయిగా పడుకోండి. దాన్ని రొటేషన్ అంటారు. అక్కడ చాలా బయోమెడికల్ ప్రోగ్రాముల్లో మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో ఎనిమిది, పది వారాల చొప్పున పనిచేసి, ఆ తర్వాతే గైడ్‌ని ఎంచుకుంటారు. పెళ్లిచూపుల్లాంటిదనుకోండి, ఇటువైపూ చూస్తారు, అటువైపూ చూస్తారు. మనకా అదృష్టం తక్కువ, ఇక్కడ ముహూర్తం పెట్టాకే ముఖం చూపిస్తారు.

కాలర్: (నవ్వు) అయితే భయం లేదంటారు.

ప్రొఫెసర్: లేదు. క్లాసులుంటాయి, ఎథిక్స్ శిక్షణ ఉంటుంది. అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే ట్రైనింగ్ గ్రాంటు మీద ఉంటే అది కనీసం 8 గంటలు. అసలు గండం క్వాలిఫయింగ్ పరీక్ష, చాలాచోట్ల రెండో ఏడాదిలో పెడతారు. అప్పుడు ఫోన్ ఎత్తకపోతే కంగారుపడకండి. మారావేమిటని అడగొద్దు, ఏ ల్యాబ్ నచ్చిందిరా అని అడగండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఆదిలాబాద్ నుంచి.

కాలర్: సార్... మేడం, నేను గవర్నమెంట్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పార్ట్‌టైమ్ చేయొచ్చా?

ప్రొఫెసర్: 2022 నిబంధనల్లో ఉంది. మీ శాఖ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి. కోర్సువర్క్ మాత్రం మీకూ ఉంటుంది, అవసరమైతే దానికి డ్యూటీ నుంచి వదులుతామని అందులోనే రాయించుకోండి. మళ్లీ...

(లైన్ కట్)

యాంకర్: కట్ అయింది. అనంతపురం.

కాలర్: మేడం, జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేలు అన్నారు. చేరి నాలుగు నెలలైంది, పైసా రాలేదు. ఆఫీసులో రేపు రా అంటారు.

ప్రొఫెసర్: యూజీసీదా?

కాలర్: అవునండి.

ప్రొఫెసర్: మీ యూనివర్సిటీలో ఫెలోషిప్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేసే మేకర్, వాటిని సరిచూసే చెకర్ అని ఇద్దరుంటారు. నెలనెలా వాళ్లు పోర్టల్‌లో కన్ఫర్మ్ చేస్తేనే నీకు పడుతుంది. ఆ ఇద్దరూ ఎవరో కనుక్కో. జాయినింగ్ రిపోర్ట్ అప్‌లోడ్ అయిందో లేదో కళ్లతో చూడు. ఆఫీసులో దండం పెట్టినా, టీ తాగించినా, కాగితం మాత్రం...

యాంకర్: ముందు. (నవ్వు) థాంక్యూ అండి. మేడం, చివరి ఫోన్. మళ్లీ కర్నూలు ఆయనేనట. తొందరగా చెప్పండి.

కాలర్: సారీ మేడం, ఒక్కటే. ఆ నలభై శాంపిళ్లవీ ల్యాబ్ నోట్‌బుక్‌లో రాశాను, పదకొండు పేజీలు. మా సీనియర్ చింపేయమంటున్నాడు.

ప్రొఫెసర్: ముట్టుకోకు! చింపితే తప్పు రెండవుతుంది. పేజీ నంబర్లున్నాయా?

కాలర్: ఉన్నాయండి.

ప్రొఫెసర్: ఇంకేం, చింపితే మొదట తెలిసేది అదే. ఆ పేజీలు అలాగే ఉంచు, వైట్‌నర్ కూడా పూయొద్దు. తర్వాతి పేజీలో ఇవాళ్టి తేదీ వేసి, అనుమతి లేకుండా చేశాను, పని ఆపాను అని రాసి సంతకం పెట్టు. కింద గైడ్ సంతకం తీసుకో.

కాలర్: ఆయన పెట్టనంటే?

ప్రొఫెసర్: పెట్టనన్నారని, అదీ రాయి. తేదీతో.

యాంకర్: టైమ్ అయిపోయింది మేడం. థాంక్యూ.