8.8 పాయింట్లేనా? క్రిస్ పాల్ లెక్క ఒకసారి విప్పి చూద్దాం

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌లు మనకు తెల్లారగట్ల వస్తాయి కదా, నల్లగొండలో మా బ్యాచ్ నిద్రకళ్లతోనే కొట్లాడుకుంటుంది, క్లాక్ టవర్ దగ్గర చాయ్ పడ్డాక గొంతులు ఇంకా లేస్తాయి. ఈసారి ముచ్చట క్రిస్ పాల్, టీమ్ కోసం బంతి నడిపే పాయింట్ గార్డ్. 2024-25లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఆడాడు, మ్యాచ్‌కు సగటు 8.8 పాయింట్లు. "ముసలోడయిండన్నా, ఆ సీజన్ ఆటకు కోటి డాలర్లు పెట్టి ఎవడన్నా తెచ్చుకోవాల్నా?" అని మా తమ్ముడొకడు ఒకటే పాట.

సరే, లెక్క తీద్దాం. 2007-08లో ఇదే పాల్ న్యూ ఆర్లీన్స్ హార్నెట్స్‌లో మ్యాచ్‌కు 21.1 పాయింట్లు, 11.6 అసిస్టులు (తోటివాడు బుట్టలో వేసేలా ఇచ్చిన పాసులు). ఆ ఏడాది ఎంవీపీ, అంటే సీజన్ బెస్ట్ ఆటగాడి ఓటింగులో కోబీ బ్రయాంట్ తర్వాత ఇతనే. స్పర్స్‌లో అసిస్టులు 7.4. చూడగానే సగం మనిషి మిగిలినట్టు ఉంటుంది, కానీ అప్పుడు మ్యాచ్‌కు 37.6 నిమిషాలు ఆడాడు, స్పర్స్‌లో 28. రెండింటినీ 36 నిమిషాలకు సరిచేస్తే అప్పుడు సుమారు 11.1 అసిస్టులు, స్పర్స్‌లో 9.5. అంతే తేడా! ఇంకోటి వినండి. టర్నోవర్లు, అంటే బంతి పోగొట్టుకోవడాలు, అప్పుడు 2.5, స్పర్స్‌లో 1.6. అంటే బంతి ఒక్కసారి పోగొట్టుకునేలోపు రెండు సీజన్లలోనూ దాదాపు 4.6 అసిస్టులు, 17 ఏళ్లు గడిచినా చేయి వణకలేదన్నమాట.

పాయింట్ల విషయంలో మాత్రం నేను వకాల్తా పుచ్చుకోను. నిమిషాలకు సరిచేసినా 20 నుంచి 11కు పడిపోయాయి. కుర్ర గార్డులను దాటుకుని రింగు దాకా పోయే కాళ్లు అప్పటికే లేవు, అది మ్యాచ్ చూస్తేనే తెలిసేది, లెక్క అక్కర్లేదు.

ఇక ప్లస్-మైనస్ అని ఒకటుంది, ఇతను కోర్టులో ఉన్నంతసేపు టీమ్ ఎన్ని పాయింట్లు ముందుందో వెనకుందో చెబుతుంది. మా వాళ్లు దాన్ని చూపించి తీర్పులు చెప్పేస్తుంటారు, నాకైతే జర చిరాకు. పక్కన స్పర్స్ పెద్ద స్టార్ వెంబన్యామా ఉన్నప్పుడు ఎవరి ప్లస్-మైనస్ అయినా మెరుస్తుంది, అదే పాల్ బెంచీ కుర్రాళ్లను నడిపిస్తుంటే మాడిపోతుంది. పైగా వెంబన్యామా ఆ సీజన్‌లో రక్తం గడ్డకట్టే సమస్యతో 46 మ్యాచ్‌లే ఆడాడు. ఒక్క సీజన్ ప్లస్-మైనస్ పట్టుకుని వెటరన్‌కు ధర కట్టడం నాకు నచ్చదు.

స్పర్స్ అంతకుముందు సీజన్ 22 గెలుపుల నుంచి 34కు ఎక్కింది నిజమే, దాన్ని మొత్తం పాల్ ఖాతాలో వేస్తే మాత్రం అదే టీమ్ కుర్రాడు స్టెఫాన్ కాసిల్‌కు అన్యాయం, రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ సీజన్ కొత్తవాళ్లలో బెస్ట్) అతనే కదా.

నా లెక్కలో అన్నిటికంటే బరువైన అంకె 82. 39 ఏళ్ల వయసులో 82 మ్యాచ్‌లకు 82, అన్నీ స్టార్టర్‌గానే, అంటే మొదటి ఐదుగురిలో ఒకడిగానే! పాతికేళ్ల కుర్రాళ్లే మోకాలు, మడమ అని కూర్చుంటున్నారు. బంతి నడిపేవాడు లేని కుర్ర టీమ్ అయితే ఆ కోటి డాలర్లు నేను కళ్లు మూసుకుని ఇచ్చేవాణ్ణి, ఇప్పటికే గట్టి పాయింట్ గార్డ్ ఉండి స్కోరర్ కోసం వెతికే టీమ్ అయితే రూపాయి కూడా ఇచ్చేవాణ్ణి కాదు. మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, రేపు పొద్దున మళ్లీ మ్యాచ్ ఉంది.