ఆగిన చదువును అందుకున్నవారికి అభినందన

(డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రంలో పట్టభద్రుల అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదికను అలంకరించిన పెద్దలకు, ఈ అధ్యయన కేంద్రం నిర్వాహకులకు, సహ అధ్యాపకులకు, ఈ ఏడాది పట్టాలు అందుకుంటున్న పట్టభద్రులకు, వారి వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు నా నమస్కారాలు.

స్నాతకోత్సవ సభల్లో వక్తలు సాధారణంగా పట్టభద్రుల ముందున్న జీవితం గురించి మాట్లాడతారు. ఈ సభలో కూర్చున్నవారిలో చాలామంది ఆ జీవితాన్ని సగం చూసి వచ్చినవారే. కొందరి పిల్లలు కాలేజీలో చదువుతున్నారు, ఒకరిద్దరు మనవలను ఒడిలో కూర్చోబెట్టుకున్నారు. అందుచేత మీరు ఇక్కడిదాకా నడిచి వచ్చిన దారి గురించే మాట్లాడదలచుకున్నాను. ఆదివారం తరగతుల్లో చాలాకాలంగా పాఠం చెబుతున్నవాడిగా నాకు బలంగా కలిగిన అభిప్రాయం ఒకటుంది. మధ్యలో ఆగిపోయిన చదువును మళ్లీ అందుకోవడం, ఆగకుండా చదువుకుపోవడం కంటే ఎన్నో రెట్లు కష్టమైన పని. మార్కుల మెమోలో ఆ కష్టానికి గడి లేదు. దానిని గుర్తించి, రాసి, దాచవలసిన బాధ్యత మనది.

ఈ విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు ఎంత తగినదో చెప్పడానికి ఆయన చదువు కథ ఒక్కటి చాలు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయంగా ఈ సంస్థ మొదలైంది. దేశంలో ఇటువంటి విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. తొలి ఉపకులపతి ఆచార్య జి. రామ్‌రెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. అంబేద్కర్ పుట్టి నూరేళ్లయిన 1991లో మన సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఆ మహనీయుడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని 1916లో లండన్ చేరి, ఒకవైపు అర్థశాస్త్రం, మరోవైపు న్యాయశాస్త్రం మొదలుపెట్టారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో మరుసటి ఏడే రెండింటినీ మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ఆచార్యుడిగా పనిచేస్తూ జీతంలో కొంత కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం పొంది, స్నేహితుడి దగ్గర అప్పు చేసి, 1920లో మళ్లీ లండన్ ఓడ ఎక్కారు. 1923లో బారిస్టరుగా తిరిగి వచ్చారు, అదే ఏడు డి.ఎస్సీ. (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టా కూడా పొందారు. ఆయన పట్టాలన్నీ వరుసగా చదివి వినిపించి మురిసిపోతాం గాని, మధ్యలో చదువు ఆగిన ఆ మూడేళ్లను ఎవరూ తలుచుకోరు. జీతంలోంచి ఫీజు మిగుల్చుకుని వచ్చిన మీకు ఆ మూడేళ్ల సంగతి నాకంటే బాగా తెలుసు.

మన నేలమీదే పుట్టిన మరో జీవితం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆమె ఆ పెళ్లిని కాదనుకుని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. జైల్లో తోటి ఆడ ఖైదీల్లో చాలామందికి తాము ఏ చట్టం కింద శిక్ష పడి వచ్చారో కూడా తెలియకపోవడం చూసి, లా చదవాలని నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషన్ (పదో తరగతి స్థాయి పరీక్ష) కూడా లేదు. బయటికి వచ్చాక ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదివారు, ఆ తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి 1942లో న్యాయవాద వృత్తిలో చేరారు. మరో నాలుగేళ్లకు రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలయ్యారు.

ఆమె గొప్పతనం నాకు ఆ పదవుల్లో కంటే మరొక పనిలో ఎక్కువగా కనిపిస్తుంది. తాను చదువుకుంటున్న రోజుల్లోనే మద్రాసులోని తెలుగు ఆడపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారు చేశారు. స్త్రీల చదువు, సంక్షేమం కోసం ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభకు అదే మొదలు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం కొన్నేళ్ల పాఠాలను తక్కువ కాలంలో నేర్పే కోర్సులను 1958లో దేశమంతటా మొదలుపెట్టించారు. తాను దాటిన గోడకు తన తరువాత వచ్చేవారి కోసం తలుపు పెట్టించిన మనిషి ఆమె. అలా చదువుకున్న స్త్రీలు నర్సులుగా, గ్రామసేవికలుగా, టీచర్లుగా స్థిరపడ్డారు. మన సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టడానికి పాతికేళ్ల ముందే ఈ ఆలోచన ఒక తెలుగు స్త్రీ చేతుల మీదుగా నడిచింది. ఈ సంగతిని మన పాఠ్యపుస్తకాలు ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లు అనుకోనక్కరలేదు. ములుగు ఎమ్మెల్యే, తెలంగాణ మంత్రి సీతక్క చిన్న వయసులోనే అడవి బాట పట్టి, అజ్ఞాత జీవితం గడిపి, జనజీవనంలోకి వచ్చిన తరువాత చదువు అందుకున్నారు. లా చదివి నల్లకోటు వేసుకున్నారు. 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆమెకు పీహెచ్‌డీ ఇచ్చింది. ఆమె పరిశోధన గొత్తికోయ ఆదివాసుల బతుకు మీద. తన జీవితంలో దగ్గరగా చూసిన మనుషులనే ఆమె పరిశోధనకు ఎంచుకోవడం నాకు చాలా నచ్చిన విషయం. ఆలస్యంగా చదివేవారికి ఉండే బలం అదే. పుస్తకంలోని మాటకు సరిపోయే అనుభవం వాళ్ల దగ్గర ముందే ఉంటుంది.

ఆ బలాన్ని మన ఆదివారం తరగతుల్లో నేను కళ్లారా చూశాను. గ్రామీణ సమాజం గురించి పాఠం చెబుతున్నప్పుడు, వెనక బెంచీలో కూర్చున్న ఒక అంగన్‌వాడీ ఆయా లేచి, పుస్తకంలో ఉన్నట్టు ఊళ్లో జరగదని, బియ్యం పంపిణీ రోజున ఏ వాడవాళ్లు ముందు నిలబడతారో, ఎవరు ఆఖరికి మిగులుతారో పూస గుచ్చినట్టు వివరించింది. ఆమె ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంటర్ లేనివారి కోసం మన విశ్వవిద్యాలయం చాలా ఏళ్లపాటు నిర్వహించిన అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరింది. పాఠాలన్నీ ఆమెకు అర్థమయ్యేవి. మూడు గంటలపాటు ఆగకుండా రాయడమే ఆమెకు కొండంత కష్టంగా ఉండేది. అందుకని రోజూ వంట ముగిశాక కొడుకు పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు చింపి కుట్టుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పాఠంలోని పేరాలు రాసేది. మొదట్లో పావుగంటకే వేళ్లు కొంకర్లు పోయేవట. ఒక ఆదివారం ఆ కుట్టిన పుస్తకం తెచ్చి నాకు చూపించింది. మొదటి పేజీల్లో అక్షరాలు గీత దాటి కిందికి జారిపోతున్నాయి. చివరి పేజీల్లో గీత మీద నిలబడ్డాయి. నేను చూసిన జవాబు పత్రాల్లో ఏదీ నాకు అంత గౌరవం కలిగించలేదు.

ఇటువంటివారికి పాఠం తెలుగులో ఉండడం చాలా పెద్ద ఆసరా. మన విశ్వవిద్యాలయం తెలుగులో తయారు చేయించిన పాఠ్యపుస్తకాలను గ్రూప్స్ పరీక్షలకు చదివే అభ్యర్థులు కూడా వెతికి కొనుక్కుంటారంటే, వాటిని రాసిన ఆచార్యుల శ్రమ ఎటువంటిదో అర్థమవుతుంది. జైళ్లలో కూడా మన అధ్యయన కేంద్రాలు నడిచాయి. శిక్ష అనుభవిస్తూ చదివి, స్నాతకోత్సవంలో బంగారు పతకం అందుకున్నవారూ ఉన్నారు. ఒక మనిషి చేసిన తప్పుకు శిక్ష వేయడం సమాజానికి తెలుసు. అదే మనిషి సాధించినదానికి చప్పట్లు కొట్టగలగడం అంతకంటే పెద్ద మనసున్న పని, ఆ పని మన విశ్వవిద్యాలయం చేసింది.

ఒక బాధ కూడా ఈ వేదిక మీదే చెప్పుకోవాలి. మన పట్టభద్రుడొకరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళితే, సర్టిఫికెట్ తిరగేసి ‘ఓపెన్ డిగ్రీయా?’ అని పక్కన పడేశారు. సార్వత్రిక విశ్వవిద్యాలయాల డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఎప్పుడో స్పష్టం చేసింది. ఆ ఉత్తర్వు నకలు ఒకటి మీ ఫైల్లో పెట్టుకోండి, అడిగినచోట చూపించండి. అంతకంటే ముఖ్యంగా, ఎవరైనా అలా అడిగితే తల దించుకోకండి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకుని పరీక్ష హాల్లో కూర్చున్న కండక్టరు చదువును చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

ఇక మీ వెంట వచ్చినవారి గురించి. పరీక్షల రోజుల్లో పిల్లలను పట్టుకుని ఈ కాలేజీ ఆవరణలో చెట్టు కింద కూర్చున్న భర్తలను చూశాను, కోడలి హాల్ టికెట్ ఇంట్లో మరిచిపోతే ఆటోలో పట్టుకొచ్చిన అత్తగారిని చూశాను. ఈ పట్టాలో వారికీ వాటా ఉంది. వారు లేచి నిలబడితే ముందుగా వారికి చప్పట్లు కొడదాం.

నేను ఈ కేంద్రం నిర్వాహకులను ఒక్కటే కోరుతున్నాను, వారు ఇప్పటికే సరేనన్నారు. ఏటా పట్టా పుచ్చుకునే ప్రతి ఒక్కరూ తమ చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా మొదలైంది అన్నది రెండు పేజీల్లో రాసి ఇవ్వాలి. భాషను, తప్పులను ఎవరూ దిద్దరు. పేరు బయట పెట్టడం ఇష్టం లేనివారు పేరు లేకుండానే ఇవ్వవచ్చు. ఆ కాగితాలను బైండు చేయించి గ్రంథాలయంలో ఉంచుతారు, చేరాలా వద్దా అని గుమ్మం దగ్గర తటపటాయించే కొత్తవారి చేతిలో ప్రాస్పెక్టస్‌తో పాటు దానినీ పెడతారు. ఈ రోజు ప్రొవిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే బల్ల దగ్గరే తెల్ల కాగితాలు ఉంచారు. భోజనాల తరువాత తీరిగ్గా కూర్చుని రాయండి. అక్కడ రాయడం కుదరనివారు వచ్చే ఆదివారం తరగతుల సమయంలో తెచ్చి నాకే ఇవ్వవచ్చు. మీ అందరికీ నా హృదయపూర్వక అభినందనలు. సెలవు.