కౌన్సెలర్‌కి ఐదుకు ఐదు వేసి మళ్లీ రాని స్టూడెంట్

నమస్తే. కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి ఒక అమ్మాయి వెళ్లిందనుకోండి. ముప్పావుగంట మాట్లాడింది. బయటికి వస్తుంటే చేతిలో ఒక ఫారం పెట్టారు. సెషన్ ఎలా జరిగింది, కౌన్సెలర్ బాగా విన్నారా, మళ్లీ వస్తారా, ఒక్కోదానికి ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారు? గబగబా అన్నిటికీ ఐదు వేసి ఇచ్చేసి వెళ్లిపోయింది. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. రికార్డులో మాత్రం ఆ కౌన్సెలర్‌కి ఫుల్ మార్కులు.

ఈ వీడియోలో మాట్లాడుకోబోయేది దీని గురించే. స్టూడెంట్స్ మనసులో కౌన్సెలర్‌ని ఎలా తూస్తారు, ఆ తూకం కాగితం మీదకి ఎందుకు రాదు? కోర్సు ఎంచుకోవడానికి సలహా ఇచ్చేవాళ్ల సంగతి కాదు నేను చెప్పేది. మనసు బాగోలేనప్పుడు వెళ్లి కూర్చునే కౌన్సెలర్ల సంగతి.

ఈ ప్రశ్న మీద పరిశోధన చాలాకాలంగా జరుగుతోంది. 1968లో స్టాన్లీ స్ట్రాంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మాట చెప్పారు. కౌన్సెలర్ మాట ఎదుటి మనిషి మీద పనిచేయాలంటే ఆ మనిషికి మూడు కనిపించాలి. ఈయనకి విషయం తెలుసు అనిపించాలి. ఈయన నాకు దగ్గరి మనిషిలా ఉన్నాడు అనిపించాలి. ఈయన్ని నమ్మొచ్చు అనిపించాలి. వీటిని కొలవడానికి 1975లో బరాక్, లాక్రాస్ అనే ఇద్దరు ఒక ఫారం తయారుచేశారు. అందులో 36 జతల విశేషణాలు ఉంటాయి. ఒక చివర మంచి గుణం, ఇంకో చివర దానికి వ్యతిరేకం, మధ్యలో ఎక్కడో టిక్కు పెట్టాలి. 1983లో ఇంకో ఇద్దరు దాన్ని కుదించి 12 అంశాలకు తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు ఈ ఫారాల మీదే నడిచాయి. కౌన్సెలర్ గోడ మీద డిగ్రీలు తగిలిస్తే ఏమవుతుంది, బట్టలు ఎలా వేసుకుంటే ఏమవుతుంది, పెద్ద పెద్ద పదాలు వాడితే ఏమవుతుంది అని చూశారు.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో మార్కులు వేసింది కష్టంలో ఉండి వచ్చిన స్టూడెంట్స్ కాదు. ఒక సెషన్ వీడియోనో ఆడియోనో ఇచ్చి, ఈ కౌన్సెలర్ మీకెలా అనిపించారు అని మామూలు స్టూడెంట్స్‌ని అడిగారు. పక్కనుంచి చూసేవాడికి డిగ్రీలు కనిపిస్తాయి, బట్టలు కనిపిస్తాయి. లోపల కూర్చుని, గొంతు దాకా వచ్చిన మాట చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న మనిషి వేరే వాటిని చూస్తాడు. తలుపు పూర్తిగా పడిందా? బయట కూర్చున్నవాళ్లకి వినిపిస్తుందా? నేను మాట్లాడుతుంటే ఏదో రాసుకుంటున్నారు, అదేంటి? ఇది ఇంట్లో తెలుస్తుందా, డిపార్ట్‌మెంట్‌లో తెలుస్తుందా?

కాలేజీ స్టూడెంట్‌కి ఈ అనుమానం రావడం చాలా సహజం. కౌన్సెలర్‌కి జీతమిచ్చేది కాలేజీ. మార్కులు వేసేది, చర్య తీసుకునేది కూడా అదే కాలేజీ. అందుకే చాలామంది మొదటిసారి అసలు సంగతి చెప్పరు. చిన్నదేదో చెప్పి చూస్తారు.

దగ్గరగా చూద్దాం. ఆ అమ్మాయి, "చదువు మీద ధ్యాస ఉండట్లేదు మేడమ్" అంటుంది. ఒక కౌన్సెలర్ వెంటనే అందుకుంటారు. టైమ్‌టేబుల్ వేసుకో, ఫోన్ పక్కన పెట్టు, పొద్దున్నే కాసేపు నడువు. ఒక్కటి కూడా తప్పు సలహా కాదు. అమ్మాయి "అలాగే మేడమ్" అని తలూపుతుంది. అక్కడితో అయిపోయింది.

ఇంకో కౌన్సెలర్, "ఎప్పట్నుంచమ్మా ఇలా ఉంటోంది?" అంటారు. అమ్మాయి కాసేపు ఆలోచిస్తుంది. "రెండు నెలల నుంచి." "అప్పుడు ఏమైనా జరిగిందా? చెప్పాలనిపిస్తేనే చెప్పు." మళ్లీ నిశ్శబ్దం. ఆవిడ తొందరపెట్టరు, గడియారం వైపు చూడరు. ఆ అమ్మాయి ఆ రోజు చెప్పకపోవచ్చు కూడా. కానీ మళ్లీ వస్తుంది. చెప్పిన చిన్న మాటని వీళ్లు ఏం చేశారు అన్నదాన్ని బట్టే పెద్ద మాట వీళ్లకి చెప్పాలా వద్దా అన్నది తేలిపోతుంది. నా దృష్టిలో స్టూడెంట్ చేసే అసలు మూల్యాంకనం అదే.

అందుకే గోప్యత గురించి మొదటి ఐదు నిమిషాల్లోనే స్పష్టంగా చెప్పే కౌన్సెలర్లంటే నాకు గౌరవం. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటే మాత్రం ఫలానా వాళ్లకి చెప్పాల్సి వస్తుంది, అది కూడా ముందు నీకు చెప్పే చేస్తాను." హద్దు ఎక్కడుందో తెలిస్తే స్టూడెంట్ దానికి ఇవతల ధైర్యంగా మాట్లాడతాడు.

ఇలా వినడం, ఓపిక పట్టడం పైపై సంగతులు అనుకునేవాళ్లకి ఒక అధ్యయనం గుర్తుచేస్తాను. అది 1979లో అచ్చయింది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో స్ట్రప్, హాడ్లీ అనే పరిశోధకులు దిగులు, ఆందోళన, నలుగురిలో కలవలేకపోవడం లాంటి ఇబ్బందులున్న కాలేజీ కుర్రాళ్లలో కొందరిని అనుభవమున్న థెరపిస్టుల దగ్గరికి, కొందరిని మామూలు ప్రొఫెసర్ల దగ్గరికి పంపారు. ఆ ప్రొఫెసర్లకి థెరపీలో శిక్షణ లేదు. స్టూడెంట్స్‌తో ఆత్మీయంగా ఉంటారని పేరున్నవాళ్లని చూసి ఎంచుకున్నారు. సగటున చూస్తే రెండు వైపులా కుర్రాళ్లు దాదాపు ఒకేలా మెరుగుపడ్డారు. శిక్షణ దండగ అని దీనర్థం కాదు. అది చిన్న అధ్యయనం, తీవ్రమైన జబ్బులున్నవాళ్ల మీద చేసింది కాదు. కానీ మనిషి దగ్గర దొరికే ఆత్మీయత ఎంత పనిచేస్తుందో చూపించింది.

ఆ 1979లోనే ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ఇంకాస్త వివరంగా చెప్పారు. ఇద్దరి మధ్య బంధం ఉండాలి, ఎక్కడికి చేరాలన్న దానిమీద ఇద్దరికీ ఒప్పుదల ఉండాలి, దానికి ఏం చేయాలన్న దానిమీద కూడా ఉండాలి. 1991లో 24 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఈ బంధం గురించి కౌన్సెలర్ వేసుకున్న అంచనా కంటే వచ్చిన మనిషి వేసిన అంచనాకే ఫలితంతో ఎక్కువ సంబంధం కనిపించింది. అంటే స్టూడెంట్ అభిప్రాయం ఏదో మర్యాద కోసం అడిగేది కాదు. నిజంగా పనికొచ్చే సమాచారం.

మరి అంత విలువైన సమాచారం ఫారంలోకి ఎందుకు రాదు? డేవిడ్ రెన్నీ అనే పరిశోధకుడు సెషన్ అయ్యాక ఆ టేపునే మళ్లీ వినిపించి, ఈ మాట దగ్గర మీ మనసులో ఏముంది అని వచ్చినవాళ్లని అడిగారు. 1994లో ఆయన రాసిన వ్యాసం ఈ మొహమాటం గురించే. మనుషులు నచ్చకపోయినా తలూపుతారు. థెరపిస్టు నొచ్చుకుంటారేమోనని ఊరుకుంటారు. ఆయనకి తెలియదా, నాకే అర్థం కాలేదేమో అని సర్దుకుంటారు. సెషన్‌లోనే అలా ఉంటే, పద్దెనిమిదేళ్ల స్టూడెంట్ కౌన్సెలర్ పక్క గదిలో ఉండగా, తన పేరు రాసి ఉన్న ఫారం మీద రెండు మార్కులు వేస్తాడా?

ఇంకో సంగతి. ఫారం నింపేది వచ్చినవాళ్లు. రావడం మానేసినవాళ్లు ఎందుకు మానేశారన్నది ఆ సగటులో ఉండదు. ఎవరి మాట అన్నిటికంటే ముఖ్యమో వాళ్ల మాటే అందులో లేదు.

దీన్ని కొందరు వేరేగా చేస్తున్నారు. స్కాట్ మిల్లర్, బారీ డంకన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఇంకొందరు కలిసి తయారుచేసిన ఒక చిన్న కాగితం మీద పది సెంటీమీటర్ల గీతలు నాలుగే ఉంటాయి. నా మాట విన్నారా, నాకు కావాల్సిన దాని గురించే మాట్లాడామా, ఆ పద్ధతి నాకు కుదిరిందా, మొత్తం మీద ఎలా ఉంది. సెషన్ చివర్లో స్టూడెంట్, కౌన్సెలర్ ఎదురుగానే గీత మీద గుర్తు పెడతాడు. అక్కడే దాని గురించి మాట్లాడుకుంటారు. గుర్తు కాస్త ఎడమ పక్కకి, అంటే తక్కువ వైపుకి, జరిగితే, "వచ్చేసారి నేను ఏం మార్చుకుంటే బాగుంటుంది?" అని కౌన్సెలర్ అడుగుతారు. మొదట్లో స్టూడెంట్ అక్కడ కూడా మొహమాటపడతాడు. తక్కువ పెట్టినా ఈయన ముఖం మాడ్చుకోలేదని ఒకసారి చూశాక నిజం చెప్పడం మొదలుపెడతాడు.

అయితే ఈ మార్కుల్ని కౌన్సెలర్ ఉద్యోగానికి ముడిపెట్టడం నాకు అసలు ఇష్టం లేదు. తాగుడు గురించో, తనని తాను గాయపరచుకోవడం గురించో నేరుగా అడగాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు స్టూడెంట్‌కి కోపం రావచ్చు, తక్కువ మార్కులు వేయొచ్చు. ఉద్యోగ భయం ఉన్న కౌన్సెలర్ ఆ ప్రశ్నే అడగకుండా తీయగా మాట్లాడి పంపించేస్తారు. బయటికొచ్చాక హాయిగా అనిపించిందా అన్నదొక్కటే కొలత కాకూడదు.

కాలేజీల వాళ్లు ఎవరైనా చూస్తుంటే ఒక విన్నపం. రావడం ఆపేసినవాళ్లకి కొన్ని వారాల తర్వాత, పేరు అడగకుండా, ఒక్క ప్రశ్న పంపండి: ఎందుకు ఆపేశారు? ఆ జవాబుల్ని కౌన్సెలర్ల మీద ఫిర్యాదుల్లా వాడొద్దు.

స్టూడెంట్స్‌కి చెప్పాల్సింది కూడా ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, ఏ కౌన్సెలర్ మంచివాళ్లు అని చూస్తూ కూర్చోకండి. ఇప్పుడు ఎవరు అందుబాటులో ఉంటే వాళ్లకి చెప్పండి. మిగతా సందర్భాల్లో రెండు మూడు సెషన్లు చూడండి. కుదరట్లేదనిపిస్తే మాయమైపోకుండా ఆ మాటే చెప్పండి: "మేడమ్, మీరు చెప్పినవి ప్రయత్నించాను, కానీ నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు." మంచి కౌన్సెలర్‌కి ఈ మాట అవమానంగా అనిపించదు, పని ఇక్కణ్నుంచే మొదలవుతుంది. అప్పటికీ కుదరకపోతే వేరే కౌన్సెలర్ కావాలని అడగండి. పెద్దగా కారణాలు చెప్పుకోవాల్సిన పని లేదు. మళ్లీ మొదట్నుంచీ అంతా చెప్పాలా, లేక పాత నోట్స్ కొత్తవాళ్లకి ఇస్తారా అన్నది మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.