వీపు వెనక జలపాతం

శ్రోతలకు నమస్కారం. జపాన్ దక్షిణాన క్యూషూ అనే పెద్ద దీవి ఉంది. అందులో మియాజాకి ప్రాంతంలో, కొండల మధ్య తకాచిహో అనే చిన్న ఊరు. అక్కడి ఇరుకు లోయలో నేను పడవ వేసుకుంటూ తిరిగిన అరగంట గురించి ఈ పూట చెబుతాను.

లోయ అడుగున గొకసే నది పారుతుంది. రేవులో లైఫ్ జాకెట్ తొడిగి, తెడ్లు మన చేతికే ఇస్తారు. పడవవాడంటూ ఉండడు. ఒక పడవలో ముగ్గురికి మించి ఎక్కనివ్వరు. తెడ్లు వేసేవాళ్లు పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఎదురుగా కూర్చున్న మా ఆవిడే నాకు కళ్లు. "ఎడమకి, ఎడమకి" అంది. తన ఎడమో నా ఎడమో తేలేలోపు పడవ మెల్లగా వెళ్లి కొండకు ఆనుకుంది.

అలా ఆ రాయిని చేత్తో తాకాను. చల్లగా, తడిగా, సందుల్లో నాచు. రాయంతా నిలువు స్తంభాలు పక్కపక్కన పేర్చినట్టుంది. ఇది అసో అగ్నిపర్వతం పని. సుమారు 1,20,000 ఏళ్ల కిందట ఒకసారి, 90,000 ఏళ్ల కిందట మరోసారి అది పేలినప్పుడు మండే బూడిద ఈ లోయల్ని ముంచెత్తింది. చల్లారుతూ కుంచించుకుపోయి, ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. కాకపోతే ఈ బీటలు లోలోతుకు దిగాయి. ఆ తర్వాత నది దాన్ని కోసుకుంటూ పోయింది. 1934లోనే జపాన్ ప్రభుత్వం ఈ చోటును రక్షిత ప్రకృతి సంపదగా ప్రకటించింది.

మళ్లీ తెడ్లు అందుకున్నాను. ఉన్నట్టుండి వెనకనుంచి హోరు. మాటలు వినబడడం మానేశాయి. మెడ మీద సన్నటి తుంపర పడింది. అది మనాయ్ జలపాతం, 17 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా నదిలోకి దూకుతుంది. దేవతలు భూమికి దిగివచ్చినప్పుడు ఇక్కడ నీళ్లు లేవనీ, పైలోకం నుంచి తెచ్చిన నీరే ఇదనీ అక్కడివాళ్ల గాథ. నేను మాత్రం దాన్ని చూడకముందే విన్నాను, ఒంటి మీద పడ్డాక గానీ తిరిగి చూడలేదు.

వానలు పడి నీరు పెరిగితే పడవలు ఆపేస్తారు. వెళ్లేవాళ్లు ఆ రోజు సంగతి ముందుగా కనుక్కోండి.

తిరుగు దారిలో పడవ మళ్లించాక జలపాతం నాకు ఎదురైంది. ఒక్కో తెడ్డు వేటుకీ కాస్త దూరమవుతూ, రేవుకు చేరేదాకా నా కళ్ల ముందే ఉంది.