ఫీజు కట్టేస్తే సరిపోతుందా?

హోస్ట్: నమస్కారం. డబ్బుకు ఇబ్బందిపడే ఇళ్ల నుంచి, కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు సైన్స్, ఇంజనీరింగ్ చదువుల్లో నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలి? ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు లెక్కలు చెప్పే మేడమ్ ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, స్కాలర్‌షిప్ వస్తే సమస్య తీరినట్టే కదా?

అతిథి: డబ్బు ముందు ఉండాల్సిందేనండి. అది లేకుండా ఎన్ని సలహాలిచ్చినా ఉపయోగం లేదు. అయితే అక్కడితో ఆగకూడదు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ నడిపే ఎస్-స్టెమ్ అనే స్కాలర్‌షిప్ పథకం ఉంది. హెచ్-1బి వీసాల కోసం కంపెనీలు కట్టే ఫీజులో కొంత భాగం దానికి వెళ్తుంది.

హోస్ట్: అవునా! వీసా ఫీజుతో స్కాలర్‌షిప్‌లా?

అతిథి: అవును, 1998లో వచ్చిన చట్టంతో మొదలైంది. అందులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. కాలేజీ డబ్బు పంచేసి చేతులు దులుపుకుంటే కుదరదు. అధ్యాపకులు ఆ పిల్లల వెంట ఉండి దారి చూపించాలి.

హోస్ట్: బాగా చదివే పిల్లలకు కూడా అంత తోడు కావాలా?

అతిథి: కావాలండి. 1970లలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో, అప్పటికి ఇంకా రీసెర్చ్ విద్యార్థిగా ఉన్న యూరీ ట్రైస్మన్ దీన్ని దగ్గరగా చూశారు. నల్లజాతి విద్యార్థులు చాలామంది మొదటి ఏడాది లెక్కల సబ్జెక్టు కాల్‌క్యులస్‌లో వెనకబడుతున్నారు. కారణమేంటని అధ్యాపకులను అడిగితే శ్రద్ధ లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు మీద పట్టింపు లేదు అన్నారు. ఆయన పిల్లల దగ్గరికే వెళ్లి, వాళ్లు ఎలా చదువుతున్నారో నెలల తరబడి గమనించారు. వాళ్లు కష్టపడుతూనే ఉన్నారు, తల్లిదండ్రులకు చదువంటే ప్రాణం. కానీ ఎవరికి వారే గదిలో కూర్చుని చదువుతున్నారు. అదే తరగతిలో చైనీస్ అమెరికన్ విద్యార్థులు గుంపుగా కూర్చుని, ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటున్నారు.

హోస్ట్: మరి ఆయన ఏం చేశారు? ట్యూషన్ పెట్టించారా?

అతిథి: లేదు! నన్ను కదిలించింది అదే. వెనకబడ్డారని తేలిక లెక్కలు ఇవ్వలేదు. మామూలు తరగతి కంటే కష్టమైన లెక్కలిచ్చి, కలిసి చేయమన్నారు. ఫెయిలయ్యేవాళ్లు బాగా తగ్గారు. "వీళ్లకు ఇది రాదులే" అని సిలబస్ పలచన చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పిల్లలకు కావాల్సింది జాలి కాదండి.

హోస్ట్: ల్యాబ్, రీసెర్చ్ అవకాశాల సంగతి?

అతిథి: అక్కడ అన్యాయం కంటికి కనిపించదు. జీతం లేకుండా ల్యాబ్‌లో పని నేర్చుకోమంటే, సాయంత్రం ఉద్యోగానికి వెళ్లి ఇంటికి డబ్బు పంపాల్సిన అమ్మాయి ఎలా వస్తుంది? రాకపోతే ఆసక్తి లేదనుకుంటాం. ల్యాబ్‌లో చేసే పనికి డబ్బివ్వాలి. ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో చనిపోయిన భౌతిక శాస్త్రవేత్త రొనాల్డ్ మెక్‌నెయిర్ పేరుతో అమెరికాలో ఒక కార్యక్రమం ఉంది. ఇలాంటి విద్యార్థులను పీహెచ్‌డీ వైపు నడిపించడమే దాని పని. పరిశోధన చేసే పిల్లలకు అందులో స్టైపెండ్ ఇస్తారు.

హోస్ట్: ఈ సెమిస్టర్‌లోనే ఒక అధ్యాపకురాలు చేయగలిగిందేమిటి?

అతిథి: "డౌట్లుంటే రండి" అంటే వీళ్లు రారు, మన టైమ్ వృథా చేస్తున్నామని టెన్షన్ పడతారు. అందుకే మొదటి రెండు వారాల్లోనే ప్రతి ఒక్కరికీ పది నిమిషాలు కేటాయించి, పేరు పెట్టి పిలవాలి. మార్కుల గురించి కాకుండా బస్సు ఎన్నింటికి, పని ఎక్కడ, పుస్తకాలున్నాయా అని అడగాలి. మొదటి పరీక్ష కూడా నెలలోపే పెట్టేయాలి. అప్పుడైతే ఎవరు తడబడుతున్నారో సరిదిద్దుకునే టైమ్ ఉండగానే తెలుస్తుంది.